తార వెనక కాలు వాచింది: ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఇప్పుడు ఎక్కడుంది

ఈ డైరీని కొత్తగా చదివేవారి కోసం ముందుగా కొంచెం చెబుతాను. తార ఒక థరోబ్రెడ్ ఆడగుర్రం, అంటే పందేల కోసం పెంచే జాతి. మలక్‌పేట రేసుకోర్సులో కొన్ని సీజన్లు పరుగెత్తి విరమించింది. దాన్ని మొయినాబాద్ దగ్గరి మా తోటకు తెచ్చి, పిల్లలు నిశ్చింతగా ఎక్కి తిరిగే గుర్రంగా తయారుచేయడమే ఈ ప్రాజెక్టు. పందెపు గుర్రానికి చిన్నప్పటి నుంచి వేగం ఒక్కటే నేర్పుతారు. నిలబడమంటే నిలబడటం, తోటివారు ముందుకు వెళ్తున్నా కంగారు పడకుండా నడవడం, మాట విని ఆగడం ఇప్పుడు నేర్పాలి. వేసవి ముగిసేసరికి పొడవు పగ్గం మీద గుండ్రంగా నడక, నెమ్మది పరుగు కుదిరాయి. జీను వేసుకుని ఓపిగ్గా నిలబడుతోంది.

తారకు ముందు కుడి కాలి టెండన్‌కు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడుకు, పాత దెబ్బ ఉంది. విరమణకు కారణం అదే. మానిపోయింది కానీ, అలాంటి చరిత్ర ఉన్న గుర్రాన్ని తెచ్చుకున్నప్పుడు కాళ్లను పొద్దున, సాయంత్రం తడిమి చూడటం పనిలో భాగం. కంటితో చూస్తే సరిపోదు. అరచేయి పెట్టాలి. దర్జీ టేపుతో నాలుగు కాళ్ల చుట్టుకొలత తీసి లాయం తలుపు వెనక రాసి పెట్టాను. వెనక కాళ్లకు కొలిచే చోటు హాక్‌కు, ఫెట్‌లాక్‌కు సరిగ్గా మధ్య. హాక్ అంటే వెనక కాలి మధ్యలో వెనక్కి మొనదేలి కనిపించే కీలు. ఫెట్‌లాక్ అంటే గిట్టకు కాస్త పైన ఉండే కీలు. తార వెనక కాళ్లు రెండూ ఆ చోట 22.5 సెంటీమీటర్లు. పొద్దున్నే విశ్రాంతిగా ఉన్నప్పుడు జ్వరమాని 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూగా చూపిస్తుంది. ఈ రెండు అంకెలూ తరువాత ఎంత పనికొచ్చాయో కింద కనిపిస్తుంది.

వానలు మొదలైన వారం

ముసురు వదలడం లేదు. మైదానం జారుడుగా ఉంది కాబట్టి తారను బయటికి వదల్లేదు. పొద్దున చూస్తే వెనక కాళ్లు రెండూ కిందిభాగంలో నిండుగా ఉన్నాయి. ఎముక వెనక టెండన్ల గీత విడిగా కనిపించాల్సింది, కనిపించడం లేదు. వేలితో నొక్కితే గుంట పడి మెల్లగా పూడుకుంటోంది. వేడి లేదు, నొప్పి లేదు, జ్వరం లేదు. దాణా అంతా ఖాళీ చేసింది.

షెడ్డు వసారాలో పగ్గం పట్టుకుని కాసేపు నడిపించాం. తిరిగి వచ్చేసరికి వాపు సగం పైగా తీసింది. మధ్యాహ్నానికి కాళ్లు మామూలుగా ఉన్నాయి.

డాక్టరును పిలవలేదు, పిలవనవసరం లేదు కూడా. గుర్రానికి మోకాలు, హాక్‌ల కింద కండరాలు ఉండవు. ఎముక, టెండన్లు, చర్మం, అంతే. కింది నుంచి రక్తం, లింఫు (ఒంట్లోని కణాల మధ్య నుంచి ఊరే పలుచని ద్రవం) పైకి ఎక్కాలంటే కాలు కదలాలి, గిట్ట నేలను తాకుతూ ఉండాలి. అడుగు పడినప్పుడల్లా గిట్ట లోపలి మెత్తని భాగం నలిగి, ద్రవాన్ని పైకి తోస్తుంది. రాత్రంతా ఒకే చోట నిలబడితే ఆ తోపుడు ఆగిపోయి ద్రవం కిందికి దిగుతుంది. రెండు కాళ్లూ సమానంగా, చల్లగా, నొప్పి లేకుండా ఉబ్బి, నడిస్తే తగ్గిపోతే అది నిలబడ్డ వాపే. పని లేని రోజుల్లో దాణా తగ్గించాలి, వాన ఉన్నా వసారాలో తిప్పాలి. ఓట్స్ సగానికి తగ్గించి ఎండుగడ్డి పెంచాం.

సోమవారం, తెల్లవారుజాము

మా సయీసు, అంటే గుర్రాలను చూసుకునే మనిషి, మలక్‌పేటలో గుర్రాల మధ్యే పెరిగిన పెద్దాయన. అనవసరంగా ఫోన్ చేసే మనిషి కాదు. ఇంకా వెలుతురు రాకముందే ఫోన్ మోగింది.

“అమ్మా, తార వెనక ఎడమ కాలు వాచింది. ఇది రాత్రి నిలబడ్డ వాపు కాదు. ఒక్క కాలే వాచింది, చెయ్యి పెడితే సెగ తగులుతోంది. మీరు వెంటనే రండి.”

ఒక్క కాలు, సెగ. ఈ రెండు మాటలూ చాలు. వెళ్లేసరికి తార ఎడమ కాలి బరువు తగ్గించుకుని, గిట్ట ముందుభాగం మాత్రమే నేలకు ఆనించి నిలబడి ఉంది. ఫెట్‌లాక్ నుంచి హాక్ దాటి తొడ లోపలి వైపు వరకు వాపు ఎక్కింది. చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది. తొట్టిలో దాణా సగం మిగిలిపోయింది. నీళ్లు మాత్రం తాగింది.

ముందు కొలతలు. జ్వరం 103.2. పెద్ద గుర్రానికి 99.5 నుంచి 101.3 వరకు మామూలు. నాడి నిమిషానికి 56. విశ్రాంతిలో 28 నుంచి 44 మధ్య ఉండాలి. టేపు చుట్టితే ఎడమ కాలు 30 సెంటీమీటర్లు, కుడి కాలు 22.5 నుంచి కదల్లేదు. తొడ లోపలి వైపు వేలు పెట్టగానే కాలు పైకి లాక్కుంది. చిగుళ్లు గులాబీ రంగులో తడిగా ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపే రంగు తిరిగి వచ్చింది. అది కొంత ధైర్యం ఇచ్చిన సంగతి.

తరువాత కాలు మామూలు నీళ్లతో కడిగాం. బురద కింద ఏం దాగి ఉందో తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోలేం. వానాకాలంలో గిట్ట పైన మడతల్లో బురద పుండ్లు వస్తాయి, వాటి నుంచి కూడా ఇలాంటి వాపు మొదలవుతుంది. కాబట్టి ముందు అక్కడ వెతికాం. శుభ్రంగా ఉంది. గిట్ట అడుగున మేకు గానీ రాయి గానీ లేదు, లాడం గట్టిగానే ఉంది. సయీసు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని అంగుళం అంగుళం చూస్తూ, ఫెట్‌లాక్‌కు కొంచెం పైన, కాలి వెనక వెలుపలి వైపు ఆగారు. నాలుగైదు వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వాటి మధ్య నువ్వుగింజంత పొక్కు, దాని పక్కన ఎండిన పసుపు చెమ్మ.

గాయం చిన్నది, కానీ చోటు మంచిది కాదు. సరిగ్గా అక్కడ చర్మం కింద గిట్టవైపు దిగే టెండన్లను చుట్టి ఒక తొడుగు ఉంటుంది. దాని లోపల జిగురు ద్రవం ఉంటుంది. ఆ తొడుగులోకో, కీలులోకో సూక్ష్మజీవులు చేరితే మామూలు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చాలవు. మత్తు ఇచ్చి లోపలి భాగాన్ని కడగాలి. గంటలు గడిచే కొద్దీ గుర్రం మళ్లీ సరిగ్గా నడిచే అవకాశం తగ్గుతుంది. పెద్ద గాయం రక్తం కారుతూ అందరినీ పరుగెత్తిస్తుంది. కీలు పక్కన సూదిమొనంత రంధ్రం ఎవరి కంటా పడదు. గుర్రాల కాళ్ల విషయంలో నేను ఎక్కువ భయపడేది ఈ రెండో రకానికే.

రేపటిదాకా చూద్దామనే మాటకు ఇక తావు లేదు. ఒక్క కాలు, వేడి, నొప్పి, జ్వరం, కీలు దగ్గర గాయం. వీటిలో ఏ రెండు కలిసి కనిపించినా ఆ రోజే డాక్టరు చూడాలని నా అభిప్రాయం. తారకు అన్నీ ఉన్నాయి.

ఎవరిని పిలవాలి

మండలంలో పశువైద్యశాల ఉంది, 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. గుర్రానికి కడుపునొప్పి వచ్చి దొర్లుతున్నా, రక్తం ఆగకపోయినా, నగరం నుంచి డాక్టరు వచ్చేలోగా ప్రాణం నిలిపేది ఆ దగ్గరి సాయమే. అయితే ఈసారి సమస్య వేరు. గాయం ఎంత లోతుకు వెళ్లిందో తేలాలి. దానికి చేతిలో స్కానింగ్ యంత్రం, గుర్రాల కాళ్లు రోజూ చూసిన కన్ను ఉన్న మనిషి కావాలి. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. కానీ నొప్పితో ఉన్న కాలితో ట్రైలర్ ప్రయాణం మొదటి మెట్టుగా పెట్టుకోవడం ఇష్టం లేకపోయింది. ట్రైలర్ ఊగినప్పుడల్లా నాలుగు కాళ్లతో సర్దుకోవాల్సిన జంతువు అది. తార టెండన్‌కు ఇదివరకు వైద్యం చేసిన డాక్టరు గారికే ఫోన్ చేశాను. అవసరమైతే సాయంత్రం బయలుదేరేలా ట్రైలర్ ఉన్నవాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచాను.

ఫోన్‌లో “కాలు వాచింది, రండి” అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. ఏ కాలు, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, నిన్న సాయంత్రం ఎలా ఉంది, జ్వరం, నాడి, చుట్టుకొలత, గాయం ఉన్న చోటు, తిండి, పేడ, చివరి ధనుర్వాతం టీకా ఎప్పుడు వేశాం, ఇప్పటివరకు ఏ మందు ఇచ్చాం. ఇవి వరుసగా చెప్పాను. పక్క నుంచి, వెనక నుంచి నాలుగడుగుల నడక వీడియో తీసి పంపాను. వీడియో చూసి ఆయన వేరే పనులు వాయిదా వేసుకుని బయలుదేరారు. “నేను వచ్చేదాకా నొప్పి మందు ఇవ్వకండి. కట్టు కట్టకండి. చల్లటి నీళ్లు మాత్రం పోస్తూ ఉండండి” అన్నారు.

నొప్పి మందు సంగతి కొంచెం వివరంగా రాయాలి. రేసుకోర్సు మనుషులంతా బ్యూట్ అని పిలిచే ఫెనైల్‌బ్యూటజోన్ మా మందుల పెట్టెలో ఉంది. సయీసు మనసు దాని వైపే పోయింది. “పాపం, నొప్పితో వణుకుతోందమ్మా, ఒక్క మోతాదు ఇస్తే నిలబడగలుగుతుంది” అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. అయినా ఇవ్వలేదు. ఆ మందు నొప్పినీ జ్వరాన్నీ కలిపి దించుతుంది. డాక్టరు వచ్చేసరికి గుర్రం హాయిగా నడుస్తుంది, థర్మామీటరు మామూలు అంకె చూపిస్తుంది. తొడుగులోకి ఇన్ఫెక్షన్ వెళ్లిందా లేదా అని తేల్చడానికి ఆయనకు ఉన్న పెద్ద ఆధారం కుంటడమే. దాన్ని మనమే చెరిపేసినట్టవుతుంది. పైగా ఆయన అదే కోవకు చెందిన మరో మందు సూదిగా ఇవ్వాలనుకుంటే, రెండూ కలిసి కడుపులో పుండ్లు పడటానికి, మూత్రపిండాలు దెబ్బతినడానికి దారితీస్తాయి. డాక్టరు వచ్చే దారిలో ఉన్నప్పుడు ఆ కొద్ది గంటల ఓపిక గుర్రానికి మేలే చేస్తుంది.

పక్క పొలం రైతు గారు విషయం తెలిసి వచ్చారు. పశువులంటే ప్రాణం పెట్టే మనిషి. “వాత పెట్టించండమ్మా, మా ఎద్దులకు అదే పెట్టేవాళ్లం” అన్నారు. ఆయనతో వాదించలేదు కానీ మా పెరట్లో ఏ జంతువుకూ వాత పడదని స్పష్టంగా చెప్పాను. వాచి బిగుసుకున్న చర్మం మీద కాల్చిన ఇనుము పెడితే ఇన్ఫెక్షన్‌కు కొత్త తలుపు తెరిచినట్టే. అసలు గాయం కూడా కనపడకుండా పోతుంది. వేపాకు ఉడికించి వేడివేడిగా కట్టడం కూడా ఆ పూటకు వద్దన్నాను. ముందే సెగలు కక్కుతున్న కాలికి ఇంకా వేడి ఎందుకు?

సోమవారం, మధ్యాహ్నం

డాక్టరు గారు వచ్చీ రాగానే కాలు పట్టుకోలేదు. లాయం బయట నిలబడి తారను కాసేపు చూశారు. ఎలా నిలబడుతోంది, ఎంతసేపటికి బరువు మారుస్తోంది, ముక్కు రంధ్రాలు ఎలా ఉన్నాయి అని. తరువాత ప్రశ్నలు. ఇటీవల కొత్త గుర్రం ఏదైనా వచ్చిందా, తార ఎక్కడికైనా వెళ్లి వచ్చిందా, జోరీగలు ఎక్కువగా ఉన్నాయా?

ఆ ప్రశ్నల వెనక రెండు పెద్ద జబ్బులు ఉన్నాయి. ఒకటి సర్రా. జోరీగలు ఒక జంతువు నుంచి మరో జంతువుకు మోసుకెళ్లే రక్త పరాన్నజీవి వల్ల వస్తుంది. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే బ్రిటిష్ పశువైద్యుడు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో జబ్బుపడిన గుర్రాలు, ఒంటెల రక్తంలో దాన్ని కనిపెట్టారు. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, గుర్రం చిక్కిపోతుంది, కాళ్లకూ పొట్ట కిందా నీరు చేరుతుంది. వానాకాలంలో వాపూ జ్వరమూ కలిసి వస్తే రక్తం చూడకుండా సర్రా కాదనడానికి లేదు. రెండోది గ్లాండర్స్. వెనక కాలి లోపలి వైపు లింఫు నాళాల వెంట వరుసగా గడ్డలు లేచి పగులుతాయి, లేదా ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారుతుంది. ఇది మనుషులకూ సోకుతుంది, ప్రాణాంతకం. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం అనుమానం వస్తే ప్రభుత్వ పశువైద్యులకు తెలియజేసి తీరాలి, దాచి వైద్యం చేయించడం కుదరదు. నిర్ధారణ పరీక్షలకు హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. తార మా దగ్గరికి వచ్చేటప్పుడు చేయించిన గ్లాండర్స్ పరీక్ష కాగితం చూపించాను. డాక్టరు గారు దాన్ని చూసి కూడా చేతులకు గ్లౌజులు వేసుకునే తొడ లోపలి వైపంతా తడిమారు. గడ్డలు లేవు, ముక్కు శుభ్రంగా ఉంది. సర్రా కోసం, తెల్లకణాల లెక్క కోసం రక్తం తీశారు.

ఇక గాయం. తేలికపాటి మత్తు ఇచ్చి, పొక్కు చుట్టూ వెంట్రుకలు గొరిగి, పొవిడోన్ అయోడిన్‌తో మళ్లీ మళ్లీ కడిగారు. లోతు చూడటానికి సలాక గుచ్చుతారేమో అనుకున్నాను. గుచ్చలేదు. పైనున్న మురికిని మనమే లోపలికి తోసినట్టవుతుందని, ముందు స్కానింగ్ పెట్టారు. తెర మీద చర్మం కింద ద్రవం నల్లటి పాయలుగా కనిపించింది. దాని కింద టెండన్లు చక్కగా, ఒకదాని పక్కన ఒకటి గీతలు గీతలుగా ఉన్నాయి. తొడుగులో ద్రవం పెరగలేదు. పోలికకు కుడి కాలిని కూడా అదే చోట చూపించారు. రెండూ ఒకేలా ఉన్నాయి. పొక్కుకు కాస్త పైన, చర్మం కిందే ఏటవాలుగా ఒక చిన్న తెల్లటి గీత, దాని వెనక నీడ.

చోటు మొద్దుబార్చి చిన్న గాటు పెట్టగానే రెండు చుక్కల చీము వచ్చింది. పట్టకారుకు చిక్కి వచ్చింది ఒక ముల్లు కొన, సెంటీమీటరు పొడవు. చీములో నాని నల్లబడింది కానీ మొన అలాగే ఉంది. సయీసు చూడగానే “సర్కారు తుమ్మ” అన్నారు.

ముల్లు తీసేశాం కదా అని ఆయన తేలిగ్గా తీసుకోలేదు. జబ్బు పేరు సెల్యులైటిస్, అంటే చర్మం కింది పొర అంతటా పాకిన ఇన్ఫెక్షన్. లింఫు నాళాలు కూడా వాచాయి, తొడ లోపలి వైపు చేతికి తగిలిన తాడులాంటి గట్టిదనం అదే. యాంటీబయాటిక్‌లు రెండు రకాలు, నొప్పికి, వాపుకు సూది మందు, ధనుర్వాతం టీకా బూస్టర్ ఇచ్చారు. గుర్రాలకు ధనుర్వాతం ఎంత తేలిగ్గా సోకుతుందో తెలిస్తే ముల్లు గుచ్చుకున్న ఏ గుర్రానికైనా ఆ టీకా లెక్క ముందు చూస్తాం. మోతాదులు ఇక్కడ రాయను. అవి తార బరువుకు, తార మూత్రపిండాల స్థితికి ఆయన వేసిన లెక్కలు.

వెళ్లే ముందు రాజేంద్రనగర్ ప్రయాణం ఎప్పుడు అవసరమవుతుందో తేల్చి చెప్పారు. “రేపు పొద్దుటికి కాలు బొత్తిగా మోపకపోయినా, గాయంలోంచి తీగలా సాగే పసుపు జిగురు కారినా నా ఫోన్ కోసం ఆగకండి. ట్రైలర్ ఎక్కించి దారిలో చెప్పండి.” ఆ మాటను లాయం తలుపు మీద అంకెల పక్కనే రాశాను. రాత్రి కాపలా ఉండేవారికి ఎప్పుడు కంగారు పడాలో, ఎప్పుడు అక్కర్లేదో అంత స్పష్టంగా తెలియడం పెద్ద ఊరట.

మంగళవారం

జ్వరం 101.8. నాడి 44. కాలు మోపుతోంది, నడక ఇంకా పొట్టి అడుగులే. చుట్టుకొలత 29.5. అంటే దాదాపు ఏమీ తగ్గలేదు. పైగా చర్మం మీద చెమటలా పసుపు చెమ్మ ఊరుతోంది. తీగ సాగుతోందేమోనని వేళ్ల మధ్య పట్టి చూశాను. నీళ్లలా పలుచగా ఉంది. డాక్టరు గారికి ఫొటో పంపితే, బిగిసిన చర్మం నుంచి ఊరే ద్రవమేనని, ఇన్ఫెక్షన్‌లో జ్వరం ముందు దిగుతుందని, వాపు వెనకబడి వస్తుందని చెప్పారు.

పూటకు ఇరవై నిమిషాల చొప్పున చల్లటి నీళ్లు. గొట్టం మొదట గిట్ట మీద పెట్టి, తార అలవాటు పడ్డాక మెల్లగా పైకి జరుపుతాం. ఒక్కసారిగా వాచిన చోట పోస్తే తన్నడం న్యాయమే. గాటు పెట్టిన చోట ధార పడకుండా చూడాలి. అయ్యాక మెత్తటి బట్టతో అద్ది ఆరబెట్టడం ముఖ్యం. వానాకాలంలో తడి చర్మం ఊరికే పగులుతుంది.

ఈ రోజుల్లో నేను ఎక్కువగా చూసింది వాచిన కాలిని కాదు, బాగున్న కుడి కాలిని. అర టన్ను బరువున్న జంతువు ఒక వెనక కాలి బరువును రెండో దానిపై వేసి రోజుల తరబడి నిలబడితే, ఆ రెండో గిట్ట లోపలి పొరలకు రక్తం సరిగా అందక, అవి దెబ్బతినే లామినైటిస్ అనే జబ్బు రావచ్చు. మొదటి కాలు బాగుపడేసరికి రెండో కాలు చేజారిన గుర్రాల గురించి రేసుకోర్సులో ఎవరిని అడిగినా చెబుతారు. కుడి గిట్ట వేడి ఎక్కుతోందా, ఫెట్‌లాక్ పక్కన నాడి బలంగా కొట్టుకుంటోందా అని ప్రతి పూటా చూశాం. లాయంలో ఊక మందంగా పోసి మెత్తగా చేశాం. తార మధ్యాహ్నం ఆ ఊక మీద కాసేపు పడుకుంది. నాలుగు కాళ్లకూ దొరికిన ఆ విశ్రాంతి చూసి మనసు కుదుటపడింది.

బుధవారం

రక్తపరీక్ష వచ్చింది. సర్రా పరాన్నజీవి కనపడలేదు. తెల్లకణాలు పెరిగాయి, ఇన్ఫెక్షన్‌లో అనుకున్నదే. జ్వరం 100.9. వాడుతున్న యాంటీబయాటిక్‌లలో ఒకటి మూత్రపిండాల మీద భారం వేసేది కాబట్టి నీళ్లు ఎన్ని బకెట్లు తాగుతోందో రాస్తున్నాం. పేడ పలచబడితే వెంటనే చెప్పమన్నారు. పెద్దపేగులో మేలు చేసే సూక్ష్మజీవులు యాంటీబయాటిక్‌కు చనిపోతే వచ్చే విరేచనాలు గుర్రాలకు కాలి వాపు కంటే ప్రమాదం. పేడ గట్టిగా, ఉండలుగానే ఉంది.

దాణా పూర్తిగా ఆపి ఎండుగడ్డి మాత్రమే పెడుతున్నాం. ఉలవలు కూడా లేవు. పని లేకుండా నిలబడ్డ గుర్రానికి ధాన్యం పెట్టడం మంచిది కాదు. తారకు ఇది నచ్చలేదు, సయీసు బకెట్ చప్పుడైతే చాలు తల బయట పెట్టి పిలుస్తోంది. ఆకలి తిరిగి వచ్చిందనడానికి ఆ పిలుపే సాక్ష్యం.

శుక్రవారం

చుట్టుకొలత 26. టెండన్ల వెనక అంచు వేలికి తగలడం మొదలైంది. డాక్టరు గారు మళ్లీ వచ్చి స్కాన్ చేశారు. తొడుగు శుభ్రంగానే ఉంది, చర్మం కింది పాయలు సన్నబడ్డాయి. ఇవాళ్టి నుంచి పగ్గం పట్టుకుని నడక. ఐదు నిమిషాలతో మొదలు, చదునైన గట్టి నేల మీదే. వారం మొదట్లో పెట్టని నడకే ఇప్పుడు మందు. ఇన్ఫెక్షన్ అదుపులోకి వచ్చాక ద్రవాన్ని పైకి పంపేది మళ్లీ ఆ గిట్టే.

కట్టు కూడా ఇవాళే మొదలైంది. మందపాటి దూది పొర లేకుండా పట్టీ చుట్టకూడదు. పట్టీ ఒక్క చోట బిగుసుకున్నా టెండన్ మీద గాటు పడుతుంది. ఎడమ కాలికి చుట్టినట్టే బరువు మోస్తున్న కుడి కాలికీ చుట్టాం. పూటకోసారి విప్పి, చర్మం చూసి, మళ్లీ చుట్టడం. ఈ పని సయీసు చేతికి వచ్చినంత అందంగా నాకు రాదు. ప్రతి చుట్టూ ముందు చుట్టు సగాన్ని కప్పుతూ, ఎక్కడా ముడత లేకుండా వస్తుంది. రేసుకోర్సులో కొన్ని దశాబ్దాలు కట్టిన చేతులు.

తరువాతి వారం

చుట్టుకొలత 24 దగ్గర మొండికేసింది. జ్వరం మామూలుగా ఉంది, కుంటడం లేదు, గాటు మానింది. రైతు గారు వచ్చి చూసి సంతోషించారు. “అయిపోయింది కదమ్మా, ఇంక మందులెందుకు?” అన్నారు. యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలో కంటికి కనిపించే వాపు చెప్పదు. డాక్టరు గారు అనుకున్న గడువు దాకా ఇచ్చాం. ముందు నొప్పి మందును తగ్గిస్తూ ఆపేశాం. ఆపిన మరుసటి రోజు జ్వరం పూటపూటకూ చూశాం. ముసుగు తీశాక కూడా 100 దగ్గరే ఉంటేనే ఆ అంకెను నమ్మవచ్చు. ఉంది.

మిగిలిన ఆ సెంటీమీటరున్నర సంగతి. లింఫు నాళాలు ఒకసారి ఇలా దెబ్బతింటే కాలు కొంచెం లావుగానే ఉండిపోవచ్చు, చిన్న గీత పడినా మళ్లీ ఉబ్బవచ్చు. తార విషయంలో ఏమవుతుందో కొన్ని నెలలు కొలిస్తే గానీ తెలియదు. పిల్లలను మోసే గుర్రానికి కాలు అందంగా ఉండాల్సిన పని లేదు, నొప్పి లేకుండా ఉండాలి. కాబట్టి ఈ ప్రాజెక్టు ఆగదు. కానీ తలుపు వెనక కొత్త వరుస మొదలైంది: ఎడమ వెనక కాలు, కొత్త మామూలు.

కంచె పని

మైదానం తూర్పు అంచున సర్కారు తుమ్మ పొదలు ఉన్నాయి. ఎక్కడో అమెరికా ఖండాల చెట్టు. వంటచెరకు కోసం, బీడు భూములు పచ్చబడటం కోసం 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురం వైపు విత్తనాలు నాటిన నాటి నుంచి తెలుగు నేలంతా పాకింది. గాలివానకు విరిగిన రెమ్మలు కంచె దాటి పడతాయి. వాటి ముళ్లు ఎండినా మెత్తబడవు. కూలీలను పెట్టి అంచు పొదలను మొదళ్లతో తీయించాం, నరికితే రెట్టింపై లేస్తుంది కాబట్టి. కంచెను లోపలికి జరిపి, మధ్యలో గుర్రాలు వెళ్లని ఖాళీ దారి వదిలాం. గాలివాన వచ్చిన మర్నాడు గుర్రాలను వదిలే ముందు ఇద్దరు మనుషులు పళ్ల కర్రలతో ఆ అంచంతా దువ్వాలన్నది కొత్త నియమం.

మందుల పెట్టెలో కూడా మార్పు చేశాం. రెండో థర్మామీటరు, కొత్త టేపు, గొరిగే కత్తెర, అయోడిన్ ముందు అరలో ఉంటాయి. బ్యూట్ తాళం వేసిన అరలోకి వెళ్లింది. తాళంచెవి నా దగ్గర, సయీసు దగ్గర ఉంటుంది. డాక్టరుతో మాట్లాడాకే అది తెరుచుకుంటుంది. సయీసుతో కూర్చుని మాట్లాడుకునే ఈ ఏర్పాటు చేశాం. నిజానికి తాళం మాట మొదట ఎత్తింది ఆయనే.

ఇప్పటి స్థితి

పొద్దున, సాయంత్రం అరగంట చొప్పున పగ్గం పట్టుకుని నడక. దాణా పావు వంతుతో తిరిగి మొదలైంది. పొడవు పగ్గం మీద గుండ్రంగా తిప్పడం ఇంకా లేదు. వృత్తంలో లోపలి కాలి మీద మెలిక పడుతుంది, పాత టెండన్‌కూ అది మంచిది కాదు. లాడాలు మార్చే రోజు దగ్గరపడింది. వెనక కాలు ఎక్కువసేపు ఎత్తి పట్టుకోవద్దని లాడాలు వేసేవారికి ముందే చెప్పాం. డాక్టరు గారు వచ్చే నెల మొదట్లో నడక, నెమ్మది పరుగు రెండూ చూసి, తొడుగును మరోసారి స్కాన్ చేస్తారు. అప్పుడు బాగుందంటే జీను వేసి, మనిషి లేకుండా, తిన్నగా సాగే బాట మీద పది నిమిషాలు.